కార్మికుల రాష్ట్రపతి శ్రీ వి.వి. గిరి గారు

మల్కాపురంలో ఈ.ఎస్.ఐ. ఆసుపత్రి ఎక్కడ అని అడిగితే చిన్న పిల్లలు కూడా చూపిస్తారు. రిఫైనరీ, షిప్‌యార్డు, ఎరువుల ఫ్యాక్టరీ, వాటిని ఆనుకుని పుట్టిన లెక్కలేనన్ని చిన్న వర్కుషాపులు ఉన్న పేట మనది. వెల్డరుకు కన్ను మంటగా ఉన్నా, హెల్పరుకు వేలు నలిగినా, ఇంట్లో ఆడవారికి నెలలు నిండినా ఓ.పి. చీటీ పట్టుకుని అక్కడ వరుసలో నిలబడతారు. మన సంఘ సభ్యులలో చాలామంది కొడుకులు, అల్లుళ్లు ఈనాడు ఆ వరుసలోనివారే.

ఈ ప్రత్యేక సంచికకు వైద్య సౌకర్యాల నిబంధనల మీద ఒక వ్యాసం రాయమని కార్యవర్గం వారు నన్ను కోరారు. ఉత్తర్వుల నంబర్లు, తేదీలు వరుసగా పేర్చి రాస్తే ఎవరూ చదవరని నా అనుభవం. సర్వీసులో ఉండగా జీతాలు తీసుకుంటూనే చదివేవారు కారు, ఇప్పుడు పింఛను తీసుకుంటూ ఎవరు చదువుతారు? అందుచేత ఒక మనిషి జీవితం చెప్పి, దాని వెంట ఆ నిబంధనల సంగతి కూడా చెబుదామనుకున్నాను. ఆ మనిషి మన ఉత్తరాంధ్ర వారందరూ మనవాడని చెప్పుకునే మాజీ రాష్ట్రపతి, భారతరత్న శ్రీ వరాహగిరి వెంకటగిరి గారు.

గిరి గారు 1894 ఆగస్టు 10న బరంపురంలో జన్మించారు. తండ్రి వరాహగిరి వెంకట జోగయ్య పంతులు గారు పేరున్న ప్లీడరు. తల్లి సుభద్రమ్మ గారు. ఆ రోజుల్లో గంజాం జిల్లా మద్రాసు రాజధానిలో భాగం. 1936లో ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు బరంపురం అటు వెళ్లిపోయింది గాని, అంతకు ముందు అక్కడి కోర్టు, బడి, బజారు అన్నిట్లోనూ తెలుగు వినిపించేది. ఇప్పటికీ వినిపిస్తుంది.

ప్లీడరు గారి అబ్బాయి కాబట్టి లా చదవడానికి సీమకు పంపించారు. 1913లో ఐర్లండు రాజధాని డబ్లిన్ చేరారు. ఆయన వెళ్లిన ఏడాదే అక్కడ పెద్ద లాకౌటు జరిగింది. యూనియన్‌లో చేరబోమని సంతకం పెట్టనివారిని యజమానులు గేటు బయట నిలబెట్టారు. సుమారు 20 వేలమంది కార్మికులు నెలల తరబడి పని లేక, తిండి లేక అల్లాడారు. జేమ్స్ లార్కిన్, జేమ్స్ కానలీ ఆ కార్మికుల నాయకులు. పందొమ్మిదేళ్ల కుర్రవాడి మనసు మీద ఇవి ఎంత బలంగా పడ్డాయో ఆయన తరువాతి జీవితమే చెబుతుంది.

మన విషయానికి పనికివచ్చే సంగతి ఇంకొకటి అక్కడుంది. బ్రిటిష్ ప్రభుత్వం 1911లో జాతీయ బీమా చట్టం తెచ్చింది. కార్మికుడు కొంత, యజమాని కొంత, సర్కారు కొంత వేసి నడిపే ఆరోగ్య బీమా అది. జబ్బుపడినప్పుడు డబ్బు సాయం ఐర్లండుకు కూడా వర్తించింది గాని, డాక్టరు చూసి మందు ఇచ్చే భాగాన్ని మాత్రం ఐర్లండు నుంచి మినహాయించారు. ఒకే చట్టం కింద ఒక దేశంలో వైద్యుణ్ణి ఇచ్చి పక్క దేశంలో ఇవ్వకపోవడం అన్నమాట. చట్టం పేరు ఒకటే అయినా లోపలి షెడ్యూలులో ఏముందో చూడాలని గుమాస్తాలకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఐర్లండు స్వాతంత్ర్య వీరులతో సంబంధాలున్నాయన్న అనుమానం మీద 1916లో, ఈస్టరు తిరుగుబాటు తరువాత, గిరి గారిని దేశం విడిచి వెళ్లమన్నారు. స్వదేశానికి వచ్చి బరంపురంలో ప్రాక్టీసు పెట్టారు. గాంధీగారి సహాయ నిరాకరణ పిలుపుతో ఆ ప్రాక్టీసు వదిలేశారు. 1922లో కల్లు, సారా దుకాణాల ముందు పికెటింగు చేసి జైలుకు వెళ్లారు.

తరువాత ఆయన పట్టుకున్నది రైలు కార్మికుల పని. బెంగాల్ నాగపూర్ రైల్వే అంటే మన పెద్దవారికి తెలుసు. బి.ఎన్. రైల్వే అనేవారు. వాల్తేరు నుంచి ఖరగ్‌పూర్ మీదుగా హౌరా దాకా ఆ కంపెనీదే. ఆ కార్మికుల సంఘాన్ని నిలబెట్టినవారిలో ముఖ్యులు గిరి గారు. ఖరగ్‌పూర్ వర్కుషాపులో మనుషుల్ని తీసివేయడం మీద 1927, 1928 సంవత్సరాలలో జరిగిన పోరాటాలు ఆయన పేరును దేశమంతా తెలిపాయి. అఖిల భారత రైల్వేమెన్స్ ఫెడరేషన్‌ను కట్టినవారిలోనూ ఆయన ఒకరు. 1926లో ఆలిండియా ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌కు అధ్యక్షులయ్యారు. 1942లో మరొకసారి అయ్యారు.

ఆనాడు ఉద్యోగికి వైద్యం ఎలా ఉండేదో ఇక్కడ చెప్పాలి. రైల్వే కంపెనీలు పెద్ద స్టేషన్లలో ఆసుపత్రులు పెట్టాయి. కొన్ని మిల్లులవారు ఒక కాంపౌండరును కూర్చోబెట్టి రంగునీళ్ల మిక్స్చరు పోయించేవారు. ఇవన్నీ యజమాని దయ మీద నడిచేవి. పెట్టమని అడిగే చట్టం లేదు, తీసేస్తే అడిగే నాథుడూ లేడు. పని నుంచి తీసేసినవాడికి జీతంతో పాటు క్వార్టరు పోయేది, డాక్టరూ పోయేవాడు. చట్టంలో ఉన్నది ఒక్క 1923 నాటి వర్క్‌మెన్ కాంపెన్సేషన్ చట్టం. అది పనిలో దెబ్బ తగిలితే పరిహారం ఇప్పించేది. చెయ్యి తెగితే లెక్క ఉంది గాని, క్షయ పట్టి ఆరు నెలలు మంచాన పడితే ఏ లెక్కా లేదు. జబ్బు చేసిన రోజున జీతం ఉండదు, మందుల ఖర్చు మాత్రం ఆ రోజే మొదలవుతుంది. కార్మికుడు వడ్డీ వ్యాపారి చేతికి చిక్కడానికి పెళ్లిళ్ల తరువాత పెద్ద కారణం ఇదే.

1927లో గిరి గారు మన దేశ కార్మికుల ప్రతినిధిగా జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక మహాసభకు వెళ్లారు. మహాసభలు చాలా జరుగుతాయి, వెళ్లినవారు శాలువాలు కప్పించుకుని వస్తారు. కాని ఆ సంవత్సరం సభ చేపట్టిన విషయం సరిగ్గా ఇదే. పరిశ్రమలలో పనిచేసేవారికి నిర్బంధ అనారోగ్య బీమా ఉండాలని ఒక ఒడంబడికను, వ్యవసాయ కూలీలకు కూడా ఉండాలని మరొక ఒడంబడికను ఆ సభ ఆమోదించింది. అవి 24, 25 నంబర్ల ఒడంబడికలు. వాటి ప్రకారం కార్మికుడు, యజమాని ఇద్దరూ నిధికి చందా వేయాలి. జబ్బు చేసి పని చేయలేనివాడికి కనీసం మొదటి 26 వారాలు డబ్బు సాయం, దానితో పాటు వైద్యుడు, మందులు ఇవ్వాలి. నిధి నడిపే సంస్థలో బీమాదారులకు కూడా పాత్ర ఉండాలి.

ఇందులో అసలు మెలిక చందాలో ఉంది. యజమాని ఒక్కడే ఇస్తే అది దానం. కార్మికుడు తన కూలిలోంచి అణా అయినా వేస్తే అది అతని సొంత ఖాతా అవుతుంది, అడిగి పుచ్చుకునే అధికారం వస్తుంది. యూనియన్ చందా అణాల లెక్కన వసూలు చేసి సంఘాలు కట్టిన గిరి గారి వంటివారికి ఈ తేడా ఒకరు విడమరచి చెప్పవలసింది కాదు.

మన సర్కారువారు మాత్రం 1928లో ఇది ఈ దేశానికి కుదరదన్నారు. కార్మికులు ఒక చోట ఉండరు, కోతలకు ఊళ్లకు పోతారు, డాక్టర్లు లేరు, లెక్కలు లేవు అని కారణాలు చూపారు. ఆ ఒడంబడికలను భారతదేశం ఆమోదించలేదు. 1929లో వేసిన విట్లీ కమిషన్ 1931లో ఇచ్చిన నివేదికలో లెక్కలు సేకరించి పథకం ఆలోచించమని సలహా ఇచ్చింది. ఫైలు మీద కమిటీ, కమిటీ మీద కమిషన్. ఎప్పటిదో ఫైలు ఒక బల్ల మీది నుంచి ఇంకో బల్లకు వెళ్లడానికి ఎంత కాలం పడుతుందో నా వంటివారికి కొత్త కాదు గాని, ఈ ఫైలుకు పట్టింది మాత్రం ఇరవై ఏళ్లు దాటింది.

1931లో లండన్ రెండవ రౌండ్ టేబుల్ సమావేశానికి గిరి గారు కార్మికుల తరఫున వెళ్లారు. 1934లో కేంద్ర శాసనసభకు ఎన్నికయ్యారు. 1937 ఎన్నికలు మన జిల్లాల్లో ఇప్పటికీ కథగా చెప్పుకుంటారు. జస్టిస్ పార్టీ నాయకుడు, మద్రాసు రాష్ట్రాన్ని ఏలిన ప్రధాని అయిన బొబ్బిలి రాజాగారిని ఆయన సొంత బొబ్బిలిలోనే గిరి గారు ఓడించారు. కోట ఉన్న ఊళ్లో రాజుగారికి వ్యతిరేకంగా ఓటు వేయడమంటే ఆనాటి రైతులకు సామాన్యమైన సాహసం కాదు. రాజాజీ మంత్రివర్గంలో గిరి గారు కార్మిక, పరిశ్రమల శాఖలు చూశారు. యుద్ధం రావడంతో 1939లో ఆ మంత్రివర్గం రాజీనామా చేసింది.

క్విట్ ఇండియా ఉద్యమంలో మళ్లీ జైలు. వెల్లూరులోను, అమరావతిలోను 1945 దాకా గడిపారు. ఆయన జైల్లో ఉండగానే ఢిల్లీలో ఆ పాత ఫైలు కదిలింది. డాక్టర్ అంబేద్కర్ గారు వైస్రాయి కౌన్సిలులో కార్మిక శాఖ చూస్తున్నప్పుడు, 1943లో, ఆచార్య బి.పి. అడార్కర్ గారికి పారిశ్రామిక కార్మికుల ఆరోగ్య బీమా పథకం తయారుచేసే పని అప్పగించారు. 1944 ఆగస్టులో ఆయన నివేదిక ఇచ్చారు. జెనీవా నుంచి వచ్చిన నిపుణులు దానిని పరిశీలించి, కాన్పు సాయాన్ని, పనిలో తగిలే దెబ్బలను కూడా కలిపి ఒకే పథకం చేయమన్నారు. అదే 1948 ఏప్రిల్‌లో ఎంప్లాయీస్ స్టేట్ ఇన్సూరెన్స్ చట్టమయింది. మనం ఈ.ఎస్.ఐ. అని పిలుచుకునేది దానినే.

మన సభల్లో వక్తలు ఈ.ఎస్.ఐ. పెట్టింది గిరి గారే అంటూ ఉంటారు. ఆయన మీద అభిమానం నాకూ తక్కువ లేదు గాని అది సరి కాదు. 1946లో ప్రకాశం పంతులు గారి మంత్రివర్గంలో మద్రాసులో మంత్రిగా ఉన్న గిరి గారిని 1947లో సిలోనుకు హైకమిషనరుగా పంపారు. చట్టం వచ్చేనాటికి ఆయన కొలంబోలో ఉన్నారు. ఢిల్లీలో కార్మిక మంత్రి జగ్జీవన్ రామ్ గారు. చట్టం వచ్చాక కూడా నాలుగేళ్లు పథకం మొదలుకాలేదు. కాన్పూరులో ముందు పెడదామంటే, చందా భారం మేమొక్కళ్లమే ఎందుకు మోయాలి, బొంబాయి మిల్లువాడు ఏమీ కట్టకుండా మాకంటే చవకగా గుడ్డ అమ్ముకోడా అని కాన్పూరు యజమానులు అడ్డం తిరిగారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. 1951లో చట్టం సవరించి, పథకం ఇంకా రాని ఊళ్ల యజమానులు కూడా కొంత చందా, వచ్చిన ఊళ్లవారు ఎక్కువ చందా కట్టేటట్టు చేశారు. ఆ తరువాత 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులో నెహ్రూ గారు పథకాన్ని ప్రారంభించారు. అదే సమయాన ఢిల్లీలోనూ మొదలయింది. రెండు చోట్లా కలిపి సుమారు 1 లక్షా 20 వేలమంది కార్మికులు.

గిరి గారు శ్రీకాకుళం జిల్లా పాతపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికై కేంద్ర కార్మిక మంత్రి అయింది ఆ సంవత్సరమే, మే నెలలో. అప్పటికి బిడ్డ పుట్టి మూడు నెలలు. పెంచే పని ఆయన చేతికి వచ్చింది. 1953లో పంజాబు పట్టణాలకు, 1954లో నాగపూరు, బొంబాయిలకు పథకం వెళ్లింది. 1955లో మన తెలుగు నేల మీద అడుగుపెట్టింది. కార్మికుడి భార్యాబిడ్డలకు వైద్యం 1958లో గాని కలవలేదు. పని లేక కూర్చోబెట్టినప్పుడు, పని నుంచి తీసివేసినప్పుడు కార్మికుడికి పరిహారం ఇవ్వాలన్న 1953 చట్ట సవరణ గిరి గారు మంత్రిగా ఉండగా వచ్చిందే. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు నెలనెలా చందాతో నడిచే వైద్య పథకం, ఇప్పటి సి.జి.హెచ్.ఎస్., 1954 జూలై 1న ఢిల్లీలో మొదలయింది. అది ఆరోగ్య మంత్రి రాజకుమారి అమృత్ కౌర్ గారి శాఖది, గిరి గారి శాఖది కాదు. కాని ఆ రెండేళ్లలో గాలి ఎటు వీస్తున్నదో దాన్నిబట్టి తెలుస్తుంది.

మంత్రిగా గిరి గారి మార్గం ఒకటుంది. పత్రికలవారు దానికి గిరి పద్ధతి అని పేరు పెట్టారు. యజమాని, కార్మికుడు ఎదురెదురుగా కూర్చుని ఒప్పందానికి రావాలి, ప్రతి తగువునూ ప్రభుత్వం ట్రిబ్యునల్‌కు పంపి తీర్పు చెప్పించడం వల్ల యూనియన్లు బలహీనపడతాయి అన్నది ఆయన నమ్మకం. దీనిని యజమానులూ పూర్తిగా ఒప్పుకోలేదు, యూనియన్లూ ఒప్పుకోలేదు. బలమైన యూనియను ఉన్న చోట అది చక్కటి మార్గమే. ఇరవైమంది పనిచేసే వర్కుషాపులో హెల్పరు యజమానికి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంటాడా అన్న ప్రశ్నకు మాత్రం ఆ పద్ధతిలో సమాధానం నాకు కనబడలేదు. అటువంటివారికి చట్టమే దిక్కు.

1954లో బ్యాంకు ఉద్యోగుల వ్యవహారం వచ్చింది. బ్యాంకు ఉద్యోగుల జీతాల మీద అప్పిలేటు ట్రిబ్యునల్ తీర్పు ఇచ్చింది. బ్యాంకులు భరించలేవని చెప్పి ఆ ఆగస్టులో మంత్రివర్గం దానిని తగ్గించి సవరించింది. గిరి గారు మంత్రి పదవికి రాజీనామా చేశారు. ట్రిబ్యునళ్లంటే ఇష్టం లేని మనిషి, ట్రిబ్యునల్ తీర్పు కోసం పదవి వదులుకోవడం వింతగా తోచవచ్చు. ఆలోచిస్తే వింత లేదు. మధ్యవర్తిని పెట్టింది ప్రభుత్వమే, ఉద్యోగులు ఆ మాటకు కట్టుబడ్డారు. తీర్పు వచ్చాక రుచించలేదని ప్రభుత్వమే దిద్దేస్తే ఇక ఎవరు ఎవరిని నమ్ముతారు? ఆ తరువాత వేసిన కమిషన్, జస్టిస్ గజేంద్రగడ్కర్ గారి నాయకత్వాన, 1955లో చాలావరకు ట్రిబ్యునల్ తీర్పు వైపే మొగ్గింది. మన సభ్యులలో బ్యాంకులో చేసినవారికి ఈ కథ నాకంటే బాగా తెలుసు.

1957లో పార్వతీపురం నుంచి పోటీ చేసి ఓడిపోయారు. అది ఇద్దరు సభ్యుల నియోజకవర్గం, ఒక స్థానం గిరిజనులకు కేటాయించినది. గిరిజన అభ్యర్థులిద్దరికీ ఎక్కువ ఓట్లు వచ్చి, జనరల్ స్థానం కూడా డిప్పల సూరిదొర గారికి దక్కింది. గిరి గారు కోర్టుకు వెళ్లారు. 1959లో సుప్రీంకోర్టు సూరిదొర గారి ఎన్నిక చెల్లుతుందని తీర్పు ఇచ్చింది. పేదల పక్షాన నిలిచిన పెద్దమనిషి ఆ కేసు వేయకుండా ఉండవలసిందని నా అభిప్రాయం. ఆపైన ఉత్తర ప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాలకు గవర్నరుగా, 1967లో ఉపరాష్ట్రపతిగా పనిచేశారు.

1969 మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ గారు హఠాత్తుగా పరమపదించడంతో గిరి గారు తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. జూలైలో ఆ పదవికి, ఉపరాష్ట్రపతి పదవికి రాజీనామా చేసి స్వతంత్రంగా ఎన్నికలలో నిలబడ్డారు. ఎదుట కాంగ్రెసు అభ్యర్థి నీలం సంజీవరెడ్డి గారు. ఇద్దరూ తెలుగువారే కాబట్టి ఆ ఆగస్టులో మన ఊళ్లో రేడియో ఉన్న ప్రతి అరుగు మీదా జనమే. మొదటి ప్రాధాన్య ఓట్లతో తేలలేదు. రెండవ ప్రాధాన్య ఓట్లు కలిపితే గిరి గారికి 4,20,077, రెడ్డి గారికి 4,05,427. ఎన్నిక చెల్లదని కేసు వేస్తే, రాష్ట్రపతిగా ఉంటూనే 1970లో సుప్రీంకోర్టుకు స్వయంగా వెళ్లి సాక్ష్యం చెప్పారు. కేసు కొట్టివేశారు.

రాష్ట్రపతిగా ఆయన సంతకం పడిన చట్టాలలో మనకు దగ్గరిది 1972 నాటి గ్రాట్యుటీ చెల్లింపు చట్టం. అంతకు ముందు చాలా కంపెనీలలో గ్రాట్యుటీ కూడా యజమాని దయే. ఎక్కడా ప్రభుత్వానికి ఎదురు చెప్పలేదని, పెట్టిన ప్రతి కాగితం మీదా సంతకం చేశారని ఆయన మీద విమర్శ ఉంది. 1974 మే 8న దేశమంతటా రైళ్లు ఆగిపోయాయి. సమ్మె నడిపింది ఆయన తన చేతులతో కట్టిన ఫెడరేషనే. వేలమందిని అరెస్టు చేశారు, ఉద్యోగాల నుంచి తీసేశారు, క్వార్టర్లు ఖాళీ చేయించారు. మే 27న సమ్మె ముగిసింది. ఒకనాడు ఖరగ్‌పూరులో రైలు కార్మికుల ముందు నడిచిన గిరి గారు ఆ మూడు వారాలూ రాష్ట్రపతి భవన్‌లో ఉన్నారు. రాజ్యాంగం కట్టిన చేతులు అని సర్దిచెప్పుకోవచ్చు. ఆయన అభిమానులకు ఆ నెల ఒక లోటుగానే మిగిలింది.

1974 ఆగస్టులో పదవి ముగిసింది. 1975లో భారతరత్న ఇచ్చారు. 1980 జూన్ 24న మద్రాసులో కన్నుమూశారు. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు 1995లో ఆయన పేరు పెట్టారు.

ఇక ఆయన కళ్ల ముందు పెరిగిన పథకం ఏమయింది? ఈ.ఎస్.ఐ. మొదటి నుంచీ జీతానికి ముడిపడినది. ఒక పరిమితి దాటిన జీతగాడు అందులో ఉండడు. ఆ పరిమితి 1997లో 6,500, 2004లో 7,500, 2006లో 10,000, 2010లో 15,000, 2017 జనవరి 1 నుంచి 21,000 రూపాయలు. చందా 2019 జూలై నుంచి యజమానికి నూటికి 3.25, ఉద్యోగికి 0.75గా తగ్గించారు. ధరలు, జీతాలు ఏటా పెరుగుతాయి గాని పరిమితి ఏళ్ల తరబడి కదలదు. ఇంక్రిమెంటు వచ్చిందని సంతోషించినా, కొన్నాళ్లకు ఆసుపత్రి కార్డు పోతుంది. అది యాభై దాటాక, బి.పి., సుగరు మొదలయ్యే వయసులోనూ జరగవచ్చు.

పెద్ద కంపెనీల సంగతి వేరు. పోర్టు, ఉక్కు కర్మాగారం సొంత ఆసుపత్రులు కట్టుకున్నాయి. పర్మినెంటు ఉద్యోగి అటు వెళతాడు, అదే గేటులో పనిచేసే కాంట్రాక్టు కార్మికుడు ఈ.ఎస్.ఐ.కి వస్తాడు. కాని యజమాని మారడం మన పేటకు కొత్త కాదు. సింధియా వారి నౌకా నిర్మాణ కేంద్రం హిందుస్తాన్ షిప్‌యార్డు అయింది, కాల్‌టెక్స్ హెచ్.పి.సి.ఎల్. అయింది, జింకు ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతికి వెళ్లి తరువాత స్మెల్టరే మూతపడింది. 2021 జనవరిలో ఉక్కు కర్మాగారం వాటాల అమ్మకం నిర్ణయం వచ్చినప్పుడు, రిటైరైనవారి మందుల సంగతేమిటని ముందుగా అడిగింది వారి ఇళ్లలోని ఆడవారే. కంపెనీ పాలసీలో ఉన్న సౌకర్యానికీ, చట్టంలో ఉన్న సౌకర్యానికీ తేడా అటువంటప్పుడే బయటపడుతుంది. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులం మనం 1972 వైద్య సహాయ నిబంధనల కింద ముందు సొంత డబ్బు పెట్టి, తరువాత బిల్లులు పెట్టుకుని, అభ్యంతరాలకు జవాబులు రాసుకుని, 2013 డిసెంబరులో హెల్త్ కార్డుల పథకం వచ్చేదాకా నెట్టుకొచ్చినవారమే. ఆ బిల్లులు పరిశీలించిన చేతుల్లో నావి కూడా ఉన్నాయి గనుక ఎక్కువ ఫిర్యాదు చేయను.

2025 నవంబరు 21న సామాజిక భద్రతా స్మృతి అమలులోకి వచ్చింది. 2020లో పార్లమెంటు ఆమోదించిన ఈ స్మృతిలో 1948 ఈ.ఎస్.ఐ. చట్టం, 1972 గ్రాట్యుటీ చట్టం రెండూ కలిసిపోయాయి. పేరు మారింది గాని ఈ.ఎస్.ఐ. కార్పొరేషను, చందా పద్ధతి ఉన్నాయి.

అసలు నేను ఈ వ్యాసం రాయడానికి కారణమైన సంగతి చివరికి వచ్చింది. మా వీధిలో ఒకాయన ఒక చిన్న ఇంజనీరింగ్ వర్కుషాపులో ఇరవై ఏళ్లకు పైగా వాచ్‌మన్‌గా చేశాడు. నెలనెలా జీతంలో ఈ.ఎస్.ఐ. చందా విరిగేది. రిటైరయ్యాక పాత కార్డుతో డిస్పెన్సరీకి వెళితే అది చెల్లదన్నారు. రెండేళ్లపాటు తనకూ భార్యకూ మందులు బయట షాపులోనే కొన్నాడు. వర్కుషాపువారు అతనికి ఏమీ చెప్పలేదు. 1950 నాటి ఈ.ఎస్.ఐ. కేంద్ర నిబంధనలలో 61వ నిబంధన ఒకటి ఉందని అతనికి తెలియదు. కనీసం ఐదేళ్లు బీమా ఉద్యోగంలో ఉండి వయసు నిండి రిటైరైనవారు ఏడాదికి 120 రూపాయలు, అంటే నెలకు పది రూపాయలు, ముందుగా కడితే తమకూ భార్యకూ, లేదా భర్తకూ, ఈ.ఎస్.ఐ. వైద్యం కొనసాగుతుందని ఆ నిబంధన సారాంశం. బీమాదారు కాలం చేసినా మిగిలిన జీవిత భాగస్వామి చందా కట్టి కొనసాగవచ్చు.

జీతం పరిమితి దాటడం వల్ల రిటైరయ్యేనాటికి ఈ.ఎస్.ఐ.లో లేనివారికి ఈ సౌకర్యం దక్కేది కాదు. 2024 ఫిబ్రవరిలో కార్పొరేషను వారి విషయంలో సడలింపు నిర్ణయించింది. 2012 ఏప్రిల్ 1 తరువాత కనీసం ఐదేళ్లు బీమాలో ఉండి, 2017 ఏప్రిల్ 1న గాని ఆ తరువాత గాని రిటైరై, జీతం నెలకు 30,000 రూపాయలకు మించనివారికి ఇది వర్తిస్తుంది. మన సభ్యుల ఇళ్లలో తమ్ముళ్లు, బావమరుదులు, వియ్యంకులు ఈ కోవలోకి వచ్చేవారు ఉండవచ్చు. స్మృతి వచ్చాక కాగితాల నమూనాలు మారే అవకాశం ఉంది కాబట్టి, డబ్బు కట్టే ముందు ఈ.ఎస్.ఐ. శాఖా కార్యాలయంలో ఒక మాట అడిగి వెళ్లండి.

మా వీధి వాచ్‌మన్ గారికి పాత యజమాని దగ్గర నుంచి రిటైర్మెంటు ధ్రువపత్రం తెప్పించడానికి మూడుసార్లు తిరగవలసి వచ్చింది. మూడోసారి నేనూ వెంట వెళ్లాను. ఇప్పుడు నెలకొకసారి ఇద్దరూ కలిసి వెళ్లి మందులు తెచ్చుకుంటున్నారు. ఈ పని కావలసినవారు పాత ఇన్సూరెన్సు నంబరు, రిటైరైన తేదీ ఉన్న కాగితం, ఆధార్ నకలు, దంపతుల ఫోటోలు తీసుకుని ఆదివారం ఉదయం మన సంఘ కార్యాలయానికి రావలసింది. దరఖాస్తు నేను నింపిపెడతాను. కళ్లజోడు మరిచిపోకుండా తెచ్చుకోండి, సంతకం మీరే పెట్టాలి.